తడిగుడ్డ కోసం ఒక సైజు ఎక్కువ

ఎండాకాలంలో కొండల మీద సైకిలు తొక్కడానికి ముఖమంతా కప్పే హెల్మెట్, అదీ తక్కువ ధరలో, ఏది కొనాలని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. రిటైరై ప్రొద్దుటూరులో కూర్చున్నా ఆ జవాబు మరిచిపోలేదు. మా వీధి కుర్రాళ్లు ఫోన్లో బొమ్మలు చూపించి "ఇదెట్లుంది పెద్దనాయనా" అని అడుగుతుంటారు. రంగు చూడొద్దు, మూతి దగ్గర చూడండి అంటాను. గడ్డానికి అడ్డంగా వచ్చే కమ్మీలో గాలి ఆడటానికి వెడల్పాటి కంతలుండాలి. చెంపల దగ్గర మెత్తలు ఊడదీసి ఉతుక్కునే వీలుండాలి. దాన్ని ఒక చేత్తో చాపి పట్టుకోండి, నూరు లెక్కపెట్టేలోపు భుజం లాగిందంటే అది మోటార్ సైకిల్ హెల్మెట్‌కు దగ్గర చుట్టం, అక్కడే దింపేయండి. పోయిన ఏడాది రంగు తక్కువకు దొరికితే మాత్రం వదలొద్దు. దెబ్బను ఆపేది పెంకు గానీ రంగు కాదు.

ఇదంతా నాకు కొట్టిన పిండి. అయితే ఈ జవాబులో చివరి మాట ఒకటుంది, సైజు గురించి. అది నాకు పక్కనే నిలబడి ఒకాయన చెప్పాడు, నేను వినలేదు. మీరైనా వింటారని ఇది రాస్తున్నాను.

ఒమన్‌లో నా ఉద్యోగం రెండు ముక్కలు. మొదటి పదకొండేళ్లు రైసూత్‌లో ఒక కట్టుబడి కంపెనీ స్టోర్‌లో పనిచేశాను. సైట్‌కు పోయే ప్రతి మనిషికీ బూట్లు, గ్లౌజులు, హెల్మెట్ ఇచ్చేది నేనే. కొత్తవాడు గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపే వాడి తల ఎంతో కళ్లతోనే కొలిచేసేవాణ్ణి. ఎండలు ముదిరాక సైట్‌లో అందరూ ఒకటే పని చేసేవాళ్లు. పాత తువ్వాలు ముక్కను నీళ్లలో ముంచి, పిండి, తలకు చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకునేవాళ్లు. గుడ్డకు చోటుండాలి కదా, అందుకని నేను లోపలి పట్టీని ముందే ఒక మెట్టు వదులు చేసి ఇచ్చేవాణ్ణి. "స్టోర్ అన్న చేతి హెల్మెట్ సల్లగుంటాది" అని పేరు పడిపోయింది. ఆ పేరు విని నేను పొంగిపోయేవాణ్ణి, దాచుకోవడమెందుకు.

అక్కడ ప్రాజెక్టు ముగిశాక, రెండు వేల పదిహేను ప్రాంతంలో, మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో ఒక సైకిల్ షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. షాపులో ఉండేది ముగ్గురం. యజమాని ఒమానీ, ఆయన్ని అర్బాబ్ అనేవాళ్లం. మెకానిక్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నాకంటే మూడేళ్లు పెద్ద, ఆయన్ని భాయ్ అని పిలిచేవాణ్ణి. మూడోవాణ్ణి నేను. భాయ్‌కూ నాకూ అల్ హైల్‌లో ఒకే రూమ్, రావడం పోవడం ఆయన పాత పికప్‌లోనే. రోజంతా పోట్లాడుకునేవాళ్లం, రాత్రికి ఒకే కంచంలో తినేవాళ్లం. నేను సైకిల్ షాపులో ఎన్నాళ్లు పనిచేసినా ఆయనకు నేను "స్టోర్ సాబ్"నే.

చేరిన రెండో ఏడు, జూలైలో ఒక సాయంత్రం నలభైకి దగ్గరపడిన ఒకావిడ షాపుకు వచ్చింది. నాతో హిందీలో మాట్లాడుతూ, పైఅరలో ఉన్న ఖరీదైన హెల్మెట్ చీటీ చూసి "బాబోయ్" అంది. హిందీలో బేరం చేసినా, ధర చూసి ఉలిక్కిపడేది మాత్రం ఎవరి భాషలో వాళ్లే.

"తెలుగోళ్లామ్మా మీరు?" అన్నాను.

"ఆయ్, నరసాపురం దగ్గరండీ. అన్నయ్యగారిదేవూరండీ?"

అలా మాట కలిసింది. ఆవిడ ఒక ఆసుపత్రిలో క్యాజువాల్టీ నర్సు. శుక్రవారం తెల్లవారుజామున ఆసుపత్రి డాక్టర్లు, నర్సులు కొందరు కలిసి అల్ ఖౌద్ వెనక రాతికొండల్లో సైకిళ్లు తొక్కుతారు. ఆవిడా వాళ్లతో పోతుంది.

"చిన్నప్పుడు కాలవగట్టు మీద సైకిలేసుకునే బడికెళ్లేదాన్నండీ. ఇక్కడ వీళ్లు కొండలెక్కుతుంటే నేనూ ఎక్కేసేను," అని నవ్వి, గడ్డం పైకెత్తి చూపించింది. కింద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. రెండు నెలల కిందట, మామూలు హెల్మెట్‌తో, అంటే నెత్తిని మాత్రమే కప్పేదానితో దిగుతూ పడిందట. తలకేమీ కాలేదు, గడ్డం పగిలింది.

"మా ఆయన ఒకటే మాటన్నారండీ. ఇంకోసారి మొహం పగిలిందంటే సైకిలు అమ్మేస్తానని. ఆయన్నీ అనలేనండీ. రోజూ నేను డ్యూటీలో చూసేది అలాంటి మొహాలే. దవడ విరిగినోళ్లు, పళ్లు రాలినోళ్లు. కానండీ, వారం మొత్తంలో నాకంటూ ఉన్నది ఆ రెండు గంటలే. అదీ పోతే ఎలాగండీ?"

డాక్టర్లు పెట్టుకునేలాంటిది ఆవిడ కొనగలిగేది కాదు. తన డబ్బులకు వస్తుందని తానే ఎంచి పెట్టుకున్నది కింది అరలో ఉన్న నల్లటి బరువైన హెల్మెట్. దాన్ని లాక్కుని పక్కన పెట్టేశాను.

"ఇది పెట్టుకుంటే దవడ నిలుస్తాదమ్మా, కొండ మీద ఎండలో మీరు నిలవరు," అన్నాను.

లోపలికి పోయి, పోయిన ఏడాది రంగని ఎవరూ కొనక మిగిలిన చిలకపచ్చ హెల్మెట్ తెచ్చాను. తేలిక, మూతి దగ్గర మంచి కంతలు, ఉతుక్కునే మెత్తలు. అర్బాబ్ ధర ఎప్పుడో తగ్గించేశాడు. ఆవిడ ముఖం విప్పారింది. ఇంతవరకూ నేను చేసిన పనిలో ఇవాళ్టికీ వంక లేదు.

మీడియం సైజు పెట్టుకుని అద్దంలో చూసుకుంది. చెంపలు లోపలికి నొక్కుకుపోయి పెదాలు ముందుకొచ్చాయి.

"కొంచెం బిగుతుగా ఉందండీ," అంది.

ఆ మాట వినగానే నాలోని స్టోర్ కీపర్ లేచి కూర్చున్నాడు. తడిగుడ్డ గురించి ఆవిడకు చిన్న ఉపన్యాసం ఇచ్చాను. రైసూత్ ఎండలో పదకొండేళ్లు వందల తలలకు పనికొచ్చిన ఉపాయం అన్నాను. మీడియం తీసి అరలో పెట్టి లార్జ్ తెచ్చాను. షాపులో ఉన్న పెద్ద నూలు చేతిరుమాలు ఒకటి తడిపి పిండి, ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని తలకు చుట్టుకుని పైన హెల్మెట్ పెట్టుకుంది. మగవాడైతే తల పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసేవాణ్ణి. పరాయి ఆడమనిషి తల మీద చేయి ఎలా వేస్తాను? దూరంగా నిలబడి "సరిపోయిందామ్మా?" అని మాత్రం అడిగాను.

"హాయిగా ఉందండీ," అంది.

లోపల చక్రం బిగిస్తున్న భాయ్ అప్పుడు బయటికి వచ్చాడు. "స్టోర్ సాబ్, గిది టోపీ గాదు. చెంపలకు అతుక్కొని ఉండాలె. చిన్నదే ఇయ్యి," అన్నాడు.

"నువ్వు చక్రాలు చూసుకో భాయ్, తలలు నేను చూసుకుంటా," అన్నాను. ఆవిడ ముందు నా మాట నెగ్గడం నాకప్పుడు ముఖ్యంగా తోచింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పోతూ పోతూ ఆవిడ, "వచ్చే శుక్రవారం మొదటిసారి పెద్ద దిగుడు దిగుతున్నామండీ. ప్రార్థన చేయండి అన్నయ్యగారూ," అంది. చేతిరుమాలు కూడా ఆవిడకే ఇచ్చి పంపాను.

భాయ్ ఆ సంగతి వదల్లేదు. అన్నం దగ్గర, పికప్‌లో, టీ దగ్గర, వారమంతా అదే. గురువారం మధ్యాహ్నం, షాపు మూసుకుని పడుకునే వేళ, విసిగిపోయి అన్నాను: "సరే, ఏం చేయమంటావో చెప్పు."

"జెర నువ్వే పెట్టుకొని చూడు."

నా తల ఆవిడ తలంతే ఉంటుంది, కళ్లతో కొలిచినవాణ్ణి నాకు తెలుసు. అదే రకంలో నల్లరంగు లార్జ్ ఒకటి ఉంటే తీశాడు. తడిగుడ్డ చుట్టుకుని, అది పెట్టుకుని, పట్టీ బిగించుకున్నాను. షాపు వెనక ఖాళీ జాగాలో మెట్టు మీద నుంచి ఒక చెక్క వాలుగా వేసి, "దిగు" అన్నాడు. మోకాలెత్తు లేదు ఆ మెట్టు. సైకిలెక్కి దిగాను. చక్రం నేలకు తగిలి కుదుపు రాగానే గుడ్డ జారింది, గుడ్డతోపాటు హెల్మెట్ కళ్ల మీదకు దిగింది. లోకం చీకటైపోయింది. ఎక్కడ ఆపాలో తెలియక ఖాళీ అట్టపెట్టెల గుట్టలోకి పోయి ఆగాను.

భాయ్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దానికే నాకు భయమేసింది. దగ్గరికొచ్చి గడ్డం ముందున్న కమ్మీని రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పాడు. నా ముఖం ముందుకే ఉంది, హెల్మెట్ మాత్రం పక్క గోడను చూస్తోంది.

"గిట్ల తిరిగినంక దవడకు అడ్డం ఏం మిగిల్తది చెప్పు? నీ సైట్ల ఇటుక మనిషి మీద పడ్తది. ఈడ మనిషే పోయి రాయి మీద పడ్తడు. రెండూ ఒకటేనా?"

పదకొండేళ్ల అనుభవం మీద ఒక్క మాటతో నీళ్లు పోశాడు. "ఆయమ్మ నిదానంగా పోతాదిలే భాయ్," అన్నాను గానీ ఆ మాట నాకే అతకలేదు. కుట్ల మచ్చ, "మొహం పగిలిందంటే అమ్మేస్తాను" అన్న మాట, "హాయిగా ఉందండీ" అన్న మాట వరసగా గుర్తొచ్చాయి. నన్ను నమ్మి కదా ఆవిడ బిగుతుగా ఉన్నదాన్ని వదిలింది.

బిల్లు పుస్తకంలో నంబరు చూసి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీలో ఫోన్లు లాకర్‌లో పెడతారని తర్వాత తెలిసింది. "హెల్మెట్ సైజు తప్పు, పెట్టుకోవద్దు" అని మెసేజ్ పెట్టాను. షాపు మూసేదాకా దానికి ఒక్క టిక్కే, ఆవిడకు చేరలేదు; రాత్రి మళ్లీ ఫోన్ చేసినా ఎత్తలేదు.

"పొద్దుగాల్ల కొండ కాడికి పోదాం పా," అన్నాడు భాయ్. ఆ మనిషి నాతో వారం రోజులు పోట్లాడాడు, కానీ ఆ మాట కోసం ఆయన్ని ఎప్పటికీ మరిచిపోలేను.

శుక్రవారం ఇంకా వెలుగు రాకముందే బయల్దేరాం. నా ఒళ్లో చిలకపచ్చ మీడియం హెల్మెట్. మేం చేరేసరికి కొండ కింద కార్లు ఆగి ఉన్నాయి, సైకిళ్లు లేవు. భాయ్ కిందికి దిగి, పైన దారి మలుపు వైపు చూపించాడు. ఏడెనిమిది మంది సైకిళ్ల మీద మెల్లగా ఎక్కుతున్నారు.

మీకొక సంగతి చెప్పాలి. అక్కడ ఎండాకాలంలో కొండెక్కేటప్పుడు ఎవరూ ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకోరు. ఊపిరాడదు. ఎక్కేటప్పుడు మామూలుది పెట్టుకుని, పెద్దదాన్ని వీపు సంచికి కట్టుకుంటారు, పైకి చేరాక దిగబోయే ముందు మార్చుకుంటారు. అంటే వాళ్లు పైన ఆగి నీళ్లు తాగి, సర్దుకునేదాకా నాకు టైముంది.

భాయ్ మోకాళ్లు అరిగిన మనిషి, ఎక్కలేడు. సైకిళ్ల దారి వంకర్లు తిరుగుతూ పోతుంది, మేకలు తొక్కిన అడ్డదారి నిటారుగా ఉంది. నేను అడ్డదారి పట్టాను. కాళ్లకు చెప్పులు, చేతిలో హెల్మెట్, ముందు పొట్ట. అంత పొద్దున కూడా రాయి వేడిగా ఉంది. సగం దూరం పోయేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆగితే మళ్లీ కదలనని తెలిసి ఆగలేదు. గట్టిగా కేక వేద్దామంటే గొంతులో తడి లేదు.

పైకి చేరేసరికి ఎనిమిది మంది వరసగా నిలబడి ఉన్నారు. ఆవిడ చివరన ఉంది. తన సీసాలో నీళ్లు చేతిరుమాలు మీద పోసి, పిండి, తలకు చుట్టుకుంటోంది. అది నేనిచ్చిన రుమాలే. దాన్ని చూడగానే నాకు సిగ్గూ భయమూ ఒకేసారి వచ్చాయి.

"అమ్మా, ఆగు!" అన్నాను.

"అన్నయ్యగారా! మీరిక్కడికెందుకొచ్చేరండీ? ఇలా కూర్చోండి ముందు, మొహం చూడండెలా అయిపోయిందో," అని నర్సులాగే నా చేయి పట్టుకుని నాడి చూడబోయింది.

"నాకేం కాలేదు. తప్పు నాదమ్మా. మీకిచ్చిన సైజు తప్పు. సైట్‌లో కూలీలకు ఇచ్చినట్ల ఇచ్చినా. తడిగుడ్డతో అది నిలవదు. ఇది పెట్టుకోండి."

మిగతా వాళ్లు ఏమిటేమిటని అడిగారు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఎనిమిది మంది చదువుకున్న వాళ్ల ముందు నా గొప్పతనం అలా తర్జుమా అవుతుంటే తల దించుకుని నిలబడ్డాను. ఆవిడ తన పెద్ద హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించి, గడ్డం ముందున్న కమ్మీని అరచేత్తో పైకి నెట్టి చూసింది. అది నుదుటి దాకా పోయింది. గడ్డం, పాత కుట్ల మచ్చతో సహా, బయటికి వచ్చేసింది. ఆవిడ దాన్ని ఊడదీసి కింద పెట్టింది.

తర్వాత రుమాలు తీసి మెడకు కట్టుకుంది. జుట్టు ముడి విప్పి కిందికి జడ వేసుకుని మీడియం తలకెక్కించింది. చెంపలు నొక్కుకుపోయాయి.

"మాట సరిగా రావట్లేదండీ," అంది ముద్దగా.

"రాకపోతేనే మంచిదమ్మా. ఇప్పుడు నెట్టి చూడండి."

నెట్టింది. హెల్మెట్‌తోపాటు తలే కదిలింది. పక్కనున్న తెల్ల డాక్టరొకాయన నాకు బొటనవేలు పైకెత్తి చూపించి, తన నీళ్ల సీసా చేతికిచ్చాడు. ఒక్కొక్కరే దిగారు. ఆవిడ వంతు వచ్చింది. రాళ్ల మధ్య ఆ చిలకపచ్చ ఎగిరి దిగుతూ, మలుపులో మాయమై మళ్లీ కనబడుతూ పోయింది. ఒకచోట వెనక చక్రం పక్కకు జారింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కింద నిలబడి చేయి ఊపుతోంది. ఆ ఒక్క క్షణంలో నాకు కలిగిన సంతోషం ఏ అమ్మకంలోనూ కలగలేదు.

కథ ఇక్కడ అయిపోయి ఉంటే నా పరువు కొంతైనా మిగిలేది. కొండ మీద నేను, ఆవిడ వదిలిపోయిన పెద్ద హెల్మెట్, పైకొస్తున్న ఎండ మిగిలాం. అడ్డదారిన దిగాలంటే రాళ్లు పట్టుకోవాలి, చేతులు ఖాళీగా ఉండాలి. హెల్మెట్ నెత్తిన పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? జేబులో నా చేతిరుమాలు ఉంది, డాక్టరిచ్చిన సీసాలో నీళ్లు మిగిలాయి. తడిపి, చుట్టుకుని, మీద పెట్టుకున్నాను. నడవడానికి ఇది చాలులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా ఉపాయం పూర్తిగా తప్పని మనసు ఇంకా ఒప్పుకోలేదు. చల్లగా కూడా ఉంది.

సగం దారిలో చెప్పు గులకరాళ్ల మీద జారింది. బోర్లా పడ్డాను. హెల్మెట్ తన పని తాను చూసుకుంటూ నెత్తి మీదికి వెళ్లిపోయింది, నా గడ్డం పోయి రాయికి తగిలింది.

ఆ హెల్మెట్‌కు గీతలు పడి అమ్మకానికి పనికిరాకుండా పోయింది. మర్నాడు అర్బాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా గడ్డం మీది కట్టు చూసి, "మాఫీ ముష్కిల్, అబ్ యే తుమ్హారా" అని, పర్వాలేదు ఇక ఇది నీదే అంటూ నా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది.

ఆ రోజు నేను పడటం కింద నుంచి చూసి, ఎక్కి వచ్చి నన్ను దించింది ఇద్దరు డాక్టర్లు. చొక్కా నిండా రక్తం చూసి భాయ్ ముఖం పాలిపోయింది. పికప్ తీసి ఆసుపత్రికి తోలుతూ దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూ. ఆవిడ తన కారులో మా వెనకే వచ్చింది. డ్యూటీ లేని రోజే అయినా నేరుగా లోపలికి నడిచి చేతులు కడుక్కుంది.

కుట్లు వేసే డాక్టరు తల కదలకూడదన్నాడు. ఆవిడ నా తల వైపు వచ్చి నిలబడింది. నేను వారం కిందట వేయలేకపోయిన చేతుల సంగతి గుర్తొచ్చింది. ఆవిడ ఏ మొహమాటమూ లేకుండా రెండు అరచేతులూ నా చెంపల మీద వేసి, వేళ్లు కణతల దాకా చాపి, గట్టిగా అదిమిపట్టింది. చెంపలు లోపలికి పోయి నా పెదాలు ముందుకొచ్చాయి.

"కొంచెం బిగుతుగా ఉందమ్మా," అన్నాను ముద్దగా.

"ఉండాలండీ అన్నయ్యగారూ," అంది పైనుంచి. "హాయిగా ఉంటే కుట్టు వంకరపోద్ది."